కోడిపెట్ట పొదిగిన రక్తం

ఆస్పత్రి వెనకవైపు, మెట్లు దిగితే వచ్చే ప్రయోగశాలలో పనిచేసే ఒకాయన, తన ఉద్యోగం మొత్తంలో ఒక్క రక్తపు గొట్టాన్ని కూడా దారిలో చల్లారనివ్వలేదు. ఒక్కటంటే ఒక్కటి. బల్లగుద్ది చెబుతున్నాను. వడగళ్ళ వానలో గొడుగు తిరగబడి ఎగిరిపోయినా, బస్సు చెడిపోయి నడుంలోతు నీళ్ళలో నడవాల్సి వచ్చినా, ఆయన చంకలోని గొట్టం మాత్రం అప్పుడే ఒంట్లోంచి తీసినంత వెచ్చగా ఉండేది. ఓసారి చొక్కా తొడుక్కునేటప్పుడు చూసుకోలేదు, చంకజేబులో ఎక్కడిదో బల్లిగుడ్డు ఉండిపోయింది. సాయంత్రానికి గొట్టంతో పాటు బల్లిపిల్ల కూడా బల్ల మీదికి దిగింది. అది ఆ ప్రయోగశాలలోనే పెరిగి పెద్దదై, మైక్రోస్కోపు వెనకాల కాపురం పెట్టింది.

అందుకే ఆయన్ని అందరూ కోడిపెట్ట అనేవాళ్ళు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఏం కోడిపెట్టా, ఇవాళ ఎన్ని పొదిగావు?" అనేవాడు సెంట్రిఫ్యూజు దగ్గర కూర్చునే మనిషి. గొట్టాలు అందులో పెట్టి తిప్పితే ఎర్రటి గడ్డ అడుక్కి పోయి, లేత పసుపు సీరం పైకి తేలుతుంది. పొద్దస్తమానం తిప్పడమే పని కాబట్టి అతని పేరు గిరగిర.

"నీకున్నంత తిరుగుడు నాకు లేదురా నాయనా. కూర్చుని పొదిగే జాతి మాది," అనేవాడు కోడిపెట్ట.

వెచ్చగా ఎందుకుంచాలంటారా? రక్తం అనగానే ఎవరికైనా ఐసుపెట్టె గుర్తొస్తుంది. కోడిపెట్ట చేసే పరీక్షకి ఆ మర్యాద పనికిరాదు. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు. పరాయివాడు కనబడగానే పోయి పట్టుకుంటారు. అలా పట్టుకున్నాక ఇంకెవరో వచ్చి ఇద్దరినీ పక్కకి లాక్కుపోవాలి. లాక్కుపోయేవాళ్ళకి చేతకాని రోజు వస్తే, పట్టుకున్నవాడూ పట్టుబడ్డవాడూ ఒకరినొకరు వదలకుండా పెనవేసుకుని రక్తంలో కొట్టుకుపోతుంటారు. డాక్టర్లు వీటిని ఇమ్యూన్ కాంప్లెక్సులంటారు. కోడిపెట్ట ‘జంటలు’ అనేవాడు. ఈ జంటలు కీళ్ళలో కూర్చుంటాయి, చర్మంలో కూర్చుంటాయి. అన్నిటికన్నా చెడ్డది, మూత్రపిండాల జల్లెడలో కూర్చుంటాయి. జల్లెడ పూడుకుపోతే మనిషి దక్కడు. వీటిలో కొన్ని మహా జిత్తులమారివి. కాస్త చలి తగిలితే చాలు, ముడుచుకుని అడుక్కి జారి, గడ్డకట్టే రక్తంలో దాక్కుంటాయి. పైనున్న సీరం ఏమీ ఎరగని పిల్లిలా తేటగా కనబడుతుంది. అందుకని సీరం విడిపోయేదాకా గొట్టం ఒంటి వేడిమీదే ఉండాలి. ఆస్పత్రివాళ్ళు దానికోసం వేడినీళ్ళ ఫ్లాస్కు ఇచ్చారు. కోడిపెట్టకి ఫ్లాస్కంటే నమ్మకం లేదు. "దానికి జ్వరమొస్తే నాకెలా తెలుస్తుంది?" అని అడిగేవాడు.

చొక్కాల్లో చంక కింద మెత్తటి ఉన్నిగుడ్డతో జేబు కుట్టి పెట్టింది ఆయన చెల్లెలు. ఆవిడ దర్జీ. కిటికీ తెరలూ, కుర్చీల గలేబులూ, పెళ్ళికూతుళ్ళ బట్టలూ అన్నీ కుట్టేది. ఆయన ఇంటికి మూడు వీధుల అవతల, మేడమీది రెండు గదుల్లో కాపురం. మొగుడు సిటీ బస్సు నడిపేవాడు. పిల్లల్లేరు. "పిల్లలు లేకపోతేనేం, పొదిగే అన్నయ్య ఉన్నాడు," అనేది.

ఆ చెల్లెలికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. మొదట మోచేతుల దగ్గర వచ్చి, సాయంత్రానికి మాయమై, మర్నాడు వీపు మీద తేలేవి. కుట్టుమిషను తొక్కుతూ ఒక చేత్తో గుడ్డ లాగుతూ రెండో చేత్తో గోక్కునేది. వాళ్ళాయనేమో స్కేలు పుచ్చుకుని వెనక నిలబడేవాడు.

"కాస్త పైకి. ఇంకా పైకి. అబ్బ, స్టీరింగు తిప్పినట్టు తిప్పకండి!"

"ఏ స్టాపులో దిగాలో చెప్పు, అక్కడ ఆపుతా."

డాక్టరమ్మ జాగ్రత్త గల మనిషి. చెల్లెలి రక్తం తీయించి, అందులోంచి విడదీసిన సీరాన్నే ఆవిడ ముంజేతి చర్మం కింద చుక్కంత గుచ్చింది. కాసేపటికి అక్కడ గుండీ అంత దద్దురు లేచింది. "నీ సీరంలోనే దురదని లేపే పదార్థం ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "దురద సంచులు మోసే కణాలుంటాయి. ఈ పదార్థం వెళ్ళి ఆ సంచుల మూతి విప్పుతోంది. అందులోంచి హిస్టమిన్ కారుతోంది. ల్యాబులో కూడా ఒకసారి చూద్దాం."

ల్యాబులో చూడాలంటే జబ్బులేని మనిషి రక్తకణాలు కావాలి. వాటి మీద రోగి సీరం పోసి, ఎంత హిస్టమిన్ బయటికొచ్చిందో కొలుస్తారు. ఆ ప్రయోగశాలలో అలాంటి కణాలకి ఆస్థాన దాత కోడిపెట్టే. ఆయన కణాలు మహా రోషం గలవి, ఇట్టే స్పందించేవి. గిరగిర కణాలు ఓసారి వాడి చూస్తే ఎంత రెచ్చగొట్టినా ఉలుకూ పలుకూ లేదు. "మనిషిలాగే," అన్నాడు కోడిపెట్ట.

చెల్లెలి సీరం తగలగానే అన్నయ్య కణాలు సంచులన్నీ కుమ్మరించేశాయి. యంత్రం మీద గీత నిటారుగా లేచింది.

ఆ సంగతి చెబితే చెల్లెలు పడీపడీ నవ్వింది. "అంటే నా రక్తం నీ రక్తంతో దెబ్బలాడిందా అన్నయ్యా?"

"కొత్తేముంది? పలకతో నా తల మీద కొట్టిన దానివి."

"నువ్వు నా జడ కుర్చీకి కట్టావుగా!"

"అందుకే నా కణాలకి నిన్ను చూస్తే భయం. పాపం, ఉన్నదంతా ఇచ్చేశాయి."

దురద ఎవర్నీ చంపదు. మాత్రలతో లొంగుతుంది. కానీ ఈసారి దద్దుర్లు పోతూ పోతూ కమిలిన మచ్చలు వదిలాయి. వేళ్ళ కణుపులు వాచాయి. సూదిలో దారం ఎక్కించడానికి వాళ్ళాయన్ని పిలవాల్సి వచ్చింది. డాక్టరమ్మ ఆ మచ్చల్ని నొక్కి చూసి, కోడిపెట్టని బయటికి పిలిచింది.

"జంటలున్నాయేమో చూడాలి," అంది. ఆయన మాట ఆవిడకి కూడా అలవాటైపోయింది. "లేకపోతే ఈ మాత్రలే చాలు. ఉంటే మాత్రం గట్టి మందు వెంటనే మొదలెట్టాలి. ఆ మందు మనిషిని పిండేస్తుంది, ఊరికే ఇవ్వలేను. ఎంత త్వరగా తేలిస్తే అంత మంచిది."

చెల్లెలికి మెట్లు దిగడం కష్టంగా ఉందని కోడిపెట్టే వాళ్ళింటికెళ్ళాడు. వాచిన చేతిలో నరం దొరకలేదు. ఆయన చెయ్యి ఎప్పుడూ వణకలేదు, ఆవేళ వణికింది. ఒకచోట గుచ్చి తీసి, ఇంకోచోట గుచ్చి తీసి, చివరికి మణికట్టు దగ్గర పట్టాడు. చెల్లెలు పెదవి కొరుక్కుని, "కుట్లు నాకు నేర్పుతున్నావా?" అంది. గొట్టం నిండింది. చంకజేబులో పెట్టుకుని బయల్దేరాడు.

బయట చలిగాలి కోస్తోంది. ఆ జేబులో ఎంతమంది రక్తమో మోశాడాయన. ఏదీ బరువనిపించలేదు. ఇది మాత్రం పక్కటెముకలకి ఆనుకుని, నడుస్తుంటే మెల్లగా తట్టుతూ, ఎవరో చంకలో పిల్లని ఎక్కించినట్టుంది. బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. గొట్టం బయటికి తీశాడు. ఎందుకు తీశాడో అడిగితే ఆయనైనా చెప్పలేడు. చూడాలనిపించింది, అంతే. అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పైన చిన్న కాగితం ముక్క మీద ఆయన రాతే, చెల్లెలి పేరు. లోపల రక్తం చిక్కబడుతోంది. బస్సులు వచ్చాయి, పోయాయి. ఒక ముసలమ్మ, "ఎక్కవా బాబూ?" అని అడిగి ఎక్కి వెళ్ళిపోయింది.

ఒక్కటీ చల్లారలేదని మొదట్లో బల్లగుద్ది చెప్పాను కదా. బల్లా నాదే, గుద్దిన చెయ్యీ నాదే కాబట్టి వెనక్కి తీసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఒకటి చల్లారింది. ఇదే.

కోడిపెట్ట వేళ్ళకి గాజు చల్లగా తగిలింది. ఉలిక్కిపడి మళ్ళీ చంకలోకి తోశాడు. వెనక్కెళ్ళి ఇంకో గొట్టం తియ్యొచ్చు. ఆ చెయ్యి గుర్తొచ్చింది. మళ్ళీ గుచ్చాలి. "అంత చల్లారలేదులే," అనుకున్నాడు. "దారిలో వేడెక్కుతుందిలే," అనుకున్నాడు. ఈ రెండు మాటలూ ఇంకెవరైనా అని ఉంటే, ఆయనే వాళ్ళ చేతిలోంచి గొట్టం లాక్కుని చెత్తబుట్టలో పడేసేవాడు. గడ్డలో ఒకసారి చిక్కుకున్నవి మళ్ళీ వెచ్చబెడితే పూర్తిగా పైకి రావని ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

గిరగిర తిప్పాడు. పసుపు సీరం తేలింది. కోడిపెట్ట అందులో నోరు తిరగని పేరున్న మందునీళ్ళు కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్ళాడు. జంటలుంటే తెల్లారేసరికి సీరం, నీళ్ళలో పాలచుక్క పడ్డట్టు మబ్బేస్తుంది.

తెల్లారి తీసి చూస్తే మబ్బు లేదు. కిటికీ దగ్గర పట్టుకుంటే అవతలి గోడ ఇటుకలు కనబడ్డాయి. యంత్రం కూడా అదే మాట చెప్పింది.

"తేటగా ఉందిరోయ్!" అని గిరగిర కుర్చీలోంచి లేచి ఆయన వీపు చరిచాడు. కోడిపెట్ట గొట్టాన్ని మళ్ళీ కిటికీ వెలుగులో పట్టి చూశాడు. సంతోషంతో తనివితీరక చూస్తున్నాడనుకున్నాడు గిరగిర.

డాక్టరమ్మ మాత్రం వెంటనే నమ్మలేదు. "ఆ మచ్చలు చూస్తే నాకలా అనిపించలేదే. గొట్టం దారిలో చల్లారలేదు కదా?"

కోడిపెట్ట నవ్వాడు. "నా దగ్గర ఎప్పుడైనా చల్లారిందా డాక్టరమ్మా?"

అబద్ధం చెప్పలేదు చూడండి. అడిగాడంతే. ఎన్నేళ్ళుగానో కూడబెట్టుకున్న పేరుంది కదా, అదే జవాబు చెప్పింది. "అదీ నిజమే," అంది డాక్టరమ్మ. గట్టి మందు మొదలెట్టకుండా, మాత్రలే కొనసాగించమంది. అనుమానం తీరక, చెల్లెల్ని మూత్రపరీక్షకి కూడా రమ్మంది.

ఆ సాయంత్రం మేడమీది గదుల్లో సందడి చూడాలి. చెల్లెలి మొగుడు, కోడిపెట్టకి బావ, బస్సు డిపోలో పెట్టి, యూనిఫాం కూడా విప్పకుండా చప్పట్లు కొట్టాడు. "మా బావ చంకకి శాలువా కప్పాలి! ఎక్కడ కప్పాలో తెలియక ఆగాను గానీ!"

"కప్పితే ఊపిరాడక గొట్టాలు చస్తాయి," అంది చెల్లెలు. చాలా రోజుల తర్వాత ఆవిడ అద్దం ముందు కూర్చుని జడ వేసుకుంది. వేళ్ళు వంగక సగంలో ఆగితే, మిగతాది వాళ్ళాయన అల్లాడు. అది జడలా లేదు, తాడులా ఉంది. అయినా అలాగే ఉంచుకుంది. "అన్నయ్యా, నిన్నటిదాకా రాత్రుళ్ళు నిద్రలేదు తెలుసా. కళ్ళు మూసుకుంటే ఈ తెరలన్నీ సగం కుట్టినవే కనబడేవి. ఇవాళ రాత్రి మొద్దులా పడుకుంటాను చూడు."

కోడిపెట్ట గ్లాసెడు మంచినీళ్ళు తాగి, పనుందని లేచాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, ఉన్నవన్నీ కోతలకి వాడేశాను. మాత్రలు వేసుకుంటోంది కాబట్టి దద్దుర్లు కాస్త తగ్గాయి. చెల్లెలు ఒప్పుకున్న తెరలు కుట్టడం మొదలెట్టింది. మూత్రపరీక్షకి వెళ్దామంటే, "తేటగా ఉందన్నావుగా, మళ్ళీ ఆ మెట్లు ఎందుకు? ఈ పని అయ్యాక చూద్దాం," అంది. అన్నయ్య గట్టిగా వెళ్ళు అనలేకపోయాడు. గట్టిగా అంటే, ఎందుకని అడుగుతుంది. ప్రయోగశాలలో వేరేవాళ్ళ గొట్టాలు ఇంతకు ముందులాగే వెచ్చగా వచ్చేవి. గిరగిర, "ఇవాళెన్ని పొదిగావు?" అంటే మాత్రం ఇప్పుడు కోడిపెట్ట లెక్క ఒక్కటే చెప్పి గొట్టాలు అందించేవాడు.

ఒకరోజు ఆయన వెళ్ళేసరికి చెల్లెలు మిషను ముందు చెప్పుల్లేకుండా కూర్చుంది.

"చెప్పులు పట్టడం లేదన్నయ్యా. పొద్దున్నే మొహం కూడా ఉబ్బుతోంది. ఈయనేమో లావయ్యానంటాడు."

కోడిపెట్ట వంగి, ఆవిడ చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉండిపోయింది. జల్లెడ పూడితే ఒంట్లో నీరు ఇలాగే నిలుస్తుంది. ఆయన నేల మీదే చతికిలబడ్డాడు.

"ఆరోజు గొట్టం చల్లారిందే," అన్నాడు.

"ఏ గొట్టం?"

"నీదే. దారిలో బయటికి తీశాను. బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. చల్లారితే అవి దాక్కుంటాయి. తేటగా ఉందంటే లేవని కాదు. నాకు తెలుసు. అప్పుడే తెలుసు."

చెల్లెలు మిషను చక్రాన్ని చేత్తో పట్టుకుని ఆపింది. సూది కిందున్న తెరని తీసి మడిచింది. తర్వాత, "డాక్టరమ్మకి చెప్పావా?" అంది.

"ముందు నీకే."

"నాకు చెబితే నేనేం మందిస్తాను? వెళ్ళి ఆవిడకి చెప్పు."

"నన్ను నాలుగు తిట్టవే."

"తిడితే తేలికపడి ఇక్కడే కూర్చుంటావు. లే. ముందు నా రక్తం తీసుకో. చెయ్యి వణికిందంటే మాత్రం అప్పుడు తిడతాను."

వణకలేదు. మొదటి గుచ్చులోనే పట్టింది. చెల్లెలే గొట్టాన్ని ఆయన జేబులో పెట్టి, చంక మీద చేత్తో అదిమి, "బయటికి తీశావో!" అంది.

చెల్లెలు ఫోను చేసేసరికి కింద బావ బస్సు సిద్ధంగా ఉంది. డ్యూటీ బస్సే. లోపల జనం. కోడిపెట్ట ఎక్కగానే తలుపు మూసి, ఏ స్టాపులోనూ ఆపకుండా తోలాడు. ఎర్ర లైటు దగ్గర ఆగితే జనం తలుపు బాదారు. ఒకాయన కోర్టుకెళ్ళాలన్నాడు, ఒకావిడ పెళ్ళిచూపులన్నది. "అందరం ఆస్పత్రికే!" అని అరిచాడు బావ. ఆవేళ ఆ బస్సులో ఎవరూ దిగాల్సిన చోట దిగలేదు. పెళ్ళిచూపులకని బయల్దేరినావిడ ఆస్పత్రి గేటు దగ్గర దిగి, అక్కడే ఒక కాంపౌండరుని చూసుకుని పెళ్ళాడిందని అంటారు. అది వేరే కథ.

డాక్టరమ్మ ముందు కోడిపెట్ట కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను అడిగాను కదండీ," అంది. ఫలితం కోసం ఆగకుండా చెల్లెల్ని చేర్పించి, గట్టి మందు మొదలెట్టించింది.

తెల్లారి ఫ్రిజ్ తలుపు తీసింది గిరగిర. కోడిపెట్టని తీయొద్దన్నాడు. గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకున్నాడు. అవతలి ఇటుకలు కనబడలేదు. తెల్లగా, చిక్కగా, పొగమంచు కూర్చి పెట్టినట్టుంది. గిరగిర గొట్టాన్ని రెండు చేతుల్తో స్టాండులో పెట్టి, ఆయన భుజం పక్కన నిలబడ్డాడు.

చెల్లెలు ఆస్పత్రి మంచం మీద చాన్నాళ్ళే ఉంది. మందు ఆవిడ్ని పిండింది, జబ్బు ఇంకా పిండింది. జల్లెడ అప్పటికే చాలావరకు పూడిపోయింది. ఓపిక ఉన్న రోజు అన్నయ్యని ఆరోజు దాచుకున్న తిట్లన్నీ తిట్టింది, చిన్నప్పటి బాకీతో సహా. ఓపిక లేని రోజు ఆయన చంకలో చెయ్యి పెట్టుకుని పడుకునేది, వేళ్ళు చల్లబడుతున్నాయని. బావ డ్యూటీ అయ్యాక వచ్చి, ఆవేళ బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారో అంతా చెప్పేవాడు. ఒకరోజు ఆ కబుర్ల మధ్యలోనే ఆవిడ వినడం మానేసింది. అది బావకి వెంటనే తెలియలేదు. మాట పూర్తి చేశాక చూశాడు.

అంతా అయిపోయాక కోడిపెట్ట డాక్టరమ్మ గదికి వెళ్ళాడు. ఈసారి కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను డాక్టరమ్మా. ఆ గొట్టం చల్లారకుండా ఉంటే, అప్పుడే మందు మొదలెట్టి ఉంటే, మా చెల్లెలు దక్కేదా?"

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. "లేదండీ. అప్పుడు మొదలెట్టినా ఇంతే అయ్యేది. అది మీ చేతిలో లేదు," అంది.

కోడిపెట్ట తలూపి, మెట్లు దిగి పనిలోకెళ్ళాడు. ఆరోజు గొట్టాలు ఆరోజు వచ్చాయి. వాటిని పొదిగాడు.

ఇప్పుడు ఉన్నమాట చెప్పేస్తాను. బల్లినీ బస్సునీ మీరెలాగూ నమ్మి ఉండరు, వాటి జోలికి పోను. నేను నిజంగా అల్లింది ఇంకొకటుంది. ఆయన ఆ మాట అడిగాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. అక్కడిదాకా జరిగిందే. జవాబు మాత్రం ఆవిడ చెప్పలేదు. ఆయన కాసేపు కూర్చుని, లేచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాడు. ఆ జవాబు నేను పెట్టాను. ఎవరో ఒకరు ఆయనకి చెప్పకపోతే ఎలా అని.